కలవని నీళ్ళు

ఆ ఏడు ఎండాకాలం మా ఇంట్లో బకెట్లో పడని వస్తువంటూ మిగల్లేదు. ఉల్లిపాయ, బంగాళాదుంప, వంకాయ, నాన్న మందుల డబ్బా, నా హవాయి చెప్పు, దేవుడి దగ్గరి ఇత్తడి గంట, అన్నీ ఒక్క విడతైనా నీళ్ళు చూసి వచ్చినవే. పొద్దున్న మొహం కడుక్కుందామని చెంబు ముంచితే చేతికి నిమ్మకాయ తగిలేది. ఇదంతా మా అమ్మ పని. యాభై ఒక్క ఏళ్ళ మనిషి, పేరు అప్పలనర్సమ్మ, ఖరగ్‌పూర్ రైల్వేలో హెల్పరు. పరీక్షకి చదువుతోంది.

ఆవిడకి చదువు చెప్పినది నేను. ఆ మాట అప్పట్లో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. అయినా చెప్తాను.

రైలు డబ్బాల కింద లైట్లకీ ఫ్యాన్లకీ బ్యాటరీ పెట్టెలుంటాయి. పెట్టెనిండా సెల్లులు, ఒక్కో సెల్లులో నీళ్ళు కలిపిన యాసిడ్. మా నాన్న, పేరు దేముడు, ఆ బ్యాటరీ సెక్షన్లో ఇరవయ్యేళ్ళు టెక్నీషియన్‌గా చేసినాడు. షుగరొచ్చి రెండు కళ్ళూ పోతే డాక్టర్లు అన్‌ఫిట్ రాసినారు. ఆయన బదులు అమ్మకి అదే సెక్షన్లో హెల్పరు పని ఇచ్చినారు. అప్పటికి ఎనిమిదేళ్ళయింది. హెల్పరంటే డిస్టిల్డ్ వాటర్ డబ్బా మోసుకుంటూ ప్రతి సెల్లులోనూ తగ్గిన నీళ్ళు పోసి, పైన తుడవాలి. టెక్నీషియనంటే హైడ్రోమీటర్ పట్టుకుంటాడు. అదొక గాజుగొట్టం, కొసకి రబ్బరు బుడ్డి. బుడ్డి నొక్కి వదిలితే సెల్లులోని యాసిడ్ గొట్టంలోకి ఎక్కుతుంది, లోపలున్న చిన్న గాజు పుల్ల తేలుతుంది. యాసిడ్ చిక్కగా ఉంటే పుల్ల పైకి లేస్తుంది, పల్చబడితే కిందకి దిగుతుంది. పుల్ల మెడమీద అంకె చూసి సెల్లు బతికుందో చచ్చిందో చెప్పాలి. పన్నెండొందల ఇరవై అంటే నిండుగా ఉన్నట్టు. పదకొండొందల యాభై కిందకి దిగిందంటే ఇక తీసి పక్కన పెట్టమన్నట్టు.

అమ్మ ఎనిమిదేళ్ళూ ఆ గొట్టాన్ని పక్కనించే చూసింది. మూడేళ్ళ కింద టెక్నీషియన్ పరీక్ష పెడితే వెళ్ళింది. స్పెసిఫిక్ గ్రావిటీ అంటే ఏమిటని హిందీలో అడిగితే చేతులు నలుపుకుంటూ నిలబడిపోయిందట. మళ్ళీ ఆ జూన్లో పరీక్ష వచ్చింది. మూడు ఖాళీలు, ఏడుగురు మనుషులు. మూత తియ్యక్కర్లేని కొత్త బ్యాటరీలు వచ్చేస్తున్నాయి కాబట్టి ఇలాంటి పరీక్ష మరి ఉండదని సెక్షన్లో అందరూ చెప్పుకున్నారు. ఇది తప్పితే రిటైరయ్యేదాకా అమ్మకి నీళ్ళ డబ్బాయే గతి.

నేను ఫిజిక్సులో బీఎస్సీ. మా ఊళ్ళోనే ఖరిదా పేటలో ఓ గది అద్దెకి తీసుకుని ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల వాళ్ళకి ట్యూషన్ చెప్తాను. నా దగ్గర ఫెయిలైనవాళ్ళు లేరని గుమ్మంమీద బోర్డు కట్టించుకున్న మనిషిని. ఇంక మా అమ్మని పాసు చేయించలేనా అనుకున్నాను.

మొదటి రోజే సూత్రం పట్టుకున్నాను. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది సాంద్రత, పదిసార్లు అను అన్నాను. అమ్మ కంచాలు తోమిన చేతులు చీర కొంగుకి తుడుచుకుని, కళ్ళు మూసుకుని, దండకం చదివినట్టు పదిసార్లూ అంది. తరవాత కళ్ళు తెరిచి, దవ్యరాశంటే ఏటని అడిగింది. బరువనుకో అన్నాను. గనపరిమానమో అంది. ఎంత చోటు పడుతుందో అంత అన్నాను.

"బరువూ, సోటూ అని సెప్పక మరి ఆ మాటలేటే?"

పడక్కుర్చీలోంచి నాన్న పకపకా నవ్వినాడు. నాకు ఒళ్ళు మండింది. పరీక్షలో ఇలగే రాయాలమ్మా, నీ మాటలకి మార్కులెయ్యరు అని కసిరినాను.

మర్నాడు నేను ట్యూషన్ నించి వచ్చేసరికి వాకిట్లో బకెట్టు, పక్కన మూతున్న స్టీలు డబ్బా, మూడు గిన్నెలు. ఒకదాంట్లో మురీ, ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో ఇసక. మురీ అంటే మరమరాలే, మా ఊళ్ళో తెలుగువాళ్ళం కూడా బెంగాలీ పేరుతోనే పిలుస్తాం. అమ్మ నన్ను కూర్చోబెట్టి, డబ్బానిండా మురీ పోసి, మూత బిగించి బకెట్లో వేసింది. డబ్బా బొంగరంలా దొర్లుకుంటూ తేలింది. మురీ తీసి బియ్యం పోసింది. ఈసారి డబ్బా మూతి అంచుదాకా దిగి, తేలీ తేలనట్టు నిలబడింది. ఇసక పోసి వేస్తే ఠంగుమని అడుగుకి పోయింది.

"డబ్బా అదే. సోటు మారలేదు. లోపల ఎంత బరువు కూరినామో అదే మారింది. నువ్వు సెప్పినదానికి ఇదే కదేటి అర్థం?"

ఇదేనమ్మా అన్నాను. అయిదేళ్ళుగా పిల్లలకి ఆ పాఠం చెప్తున్నాను, ఒక్కనాడూ ఒకే డబ్బా మూడుసార్లు వాడాలని తోచలేదు నాకు. కర్ర తేలుతుంది, ఇనుము మునుగుతుంది అని రెండు బొమ్మలు గీసి వదిలేసేదాన్ని. కానీ ఆ మాట అమ్మతో అనలేదు. అంటే నా బోర్డు కిందకి దిగిపోతుందని భయం.

ఆ తరవాత ఇంక ఆవిణ్ణి ఆపినవాళ్ళు లేరు. డ్యూటీ నించి రావడం, టీ తాగడం, బకెట్టు ముందు కూర్చోవడం. ఖరిదా బజారు నించి మామిడికాయలు తెస్తే మునిగినవి ఓ బుట్టలోకి, తేలినవి ఓ బుట్టలోకి ఏరేది. మునిగినవి ముగ్గబెడితే తియ్యగా వచ్చినాయి. తేలినవి లేతవి, పప్పులోకి పనికొచ్చినాయి. మంచినీళ్ళలో మునిగిన బంగాళాదుంప, ఉప్పు పోసుకుంటూ పోతే ఒకచోట మెల్లగా కదిలి పైకొచ్చింది. దుంప బరువు పెరగలేదు, తరగలేదు, నీళ్ళే చిక్కబడినాయి అని తనకి తానే చెప్పుకుంది. మా గొట్టంలో పుల్ల చేసేదీ ఇదే కదా అని నాన్న వైపు తిరిగింది. ఆయన అవునన్నట్టు తలూపినాడు. ఇంట్లో ఉప్పు వారానికి రెండు ప్యాకెట్లు అయిపోయేది. నేను విసుక్కునేదాన్ని గానీ, పడుకునేముందు ఆ పూట ఆవిడ ఏం ముంచిందో అడక్కుండా ఉండలేకపోయేదాన్ని.

మే నెల చివర్లో ఓ మధ్యాహ్నం నిమ్మరసం చేస్తూ ఒక మాట అడిగింది. గ్లాసులో పంచదార పాకం పోసి, పైన నీళ్ళు పోసి, కలపకుండా నాకిచ్చింది. తాగు అంది. తాగినాను. చప్పగా ఉందన్నాను. అడుగుదాకా తాగు అంది. ఆఖరి గుక్క నాలిక్కి అతుక్కునేంత తీపి.

"సెల్లులో నీళ్ళు పోస్తే ఇలగే ఉంటాది. నీళ్ళు తేలిక కదా, యాసిడ్ మీద అలగే కూకుంటాయి. పోసిన వెంటనే, బేగి గొట్టం పెట్టి లాగితే పైన నీళ్ళే వస్తాయి. మంచి సెల్లు కూడా సచ్చినట్టు సూపిస్తాది. కరెంటెక్కించి కలవనివ్వాలి. ఇది పరీక్షలో రాయొచ్చేటి?"

నాకు చిరాకేసింది. అది ప్రశ్నల లిస్టులో లేదు. అప్పటికి నేను నూటిరవై ప్రశ్నలు బట్టీ పట్టించినాను. నీ సొంత తెలివి చూపించడానికి కాదమ్మా పరీక్ష, అడిగిందానికి సమాధానం చెప్పడానికి అన్నాను. గడి ఖాళీగా మాత్రం వదలకు, ఖాళీ వదిలితే సున్నా, ఏదో ఒక అంకె వేసెయ్యి అని నూరిపోసినాను. అమ్మ సరేనని గ్లాసు కడుక్కుంది.

పరీక్ష జూన్ పన్నెండున. ఆవేళ ట్యూషన్‌కి సెలవిచ్చి, పదకొండు గంటలకే స్కూటీ వేసుకుని వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. ఎండకి తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. పన్నెండున్నరకి గిరిబాబు బయటికొచ్చినాడు. అమ్మతోపాటు పరీక్ష రాసిన హెల్పరు, అమ్మని పిన్నీ అని పిలుస్తాడు. మొహం మాడిపోయి ఉంది. ఏమైందన్నాను.

వాడు చెప్పింది ఇది. పరీక్షకి నాలుగు సెల్లులు పెట్టినారు. ఒక్కొక్కళ్ళూ వెళ్ళి గొట్టంతో రీడింగ్ తీసి, కాగితంమీద అంకె వేసి, ఉంచాలో తీసెయ్యాలో రాయాలి. మొదటి మూడూ చిన్నవి, వాటితో పేచీ లేదు. నాలుగోది పెద్ద సెల్లు. దాంట్లో అందరికీ పదకొండొందల నలభై వచ్చింది. ఎగ్జామినర్ సారు కూడా ముందే తీసి చూసుకున్నాడు, ఆయనదీ అదే అంకె. ఆరుగురూ అదే వేసి, తీసెయ్యాలని రాసినారు. ఆఖర్న అమ్మ వెళ్ళింది. గొట్టం పెట్టింది, చూసింది. కొంచెం లోపలికి దించి మళ్ళీ లాగింది. ఇంకా దించి మూడోసారి లాగింది. తరవాత కాగితం తీసుకుని చాలాసేపు ఏదో రాసింది. సారు అది చదివినాడు. చదివి, ఆరుగురి కాగితాలూ ఓ పక్కన, అమ్మది ఓ పక్కన పెట్టి, అందరూ వెళ్ళండి, తరవాత చెప్తాం అన్నాడు.

"పొద్దున్న ఏడింటికి డ్యూటీకొచ్చి అలవాటు చొప్పున రేకుల షెడ్డులో ఉన్న సెల్లులన్నిట్లోనూ నీళ్ళు పోసీసిందట. ఆ పెద్దది పరీక్షకని తనకి తెల్దట. అది కాగితంమీద రాసిచ్చీసింది. పరీక్ష సెల్లు ముట్టుకుంటే ఊరుకుంటారా? పిన్ని పేరు కొట్టేస్తారు. మా సంగతేటవుతాదో ఆ పైవాడికే తెలియాలి."

ఆరుగురు వేసిన అంకె, సారు వేసుకున్న అంకె. అదే అమ్మ కూడా వేసి ఉంటే నాలుగు సెల్లులకీ నాలుగు మార్కులు. ఆ నీళ్ళు ఎవరు పోసినారో ఎవరూ అడిగి ఉండేవాళ్ళు కూడా కాదు.

ఇంతలో అమ్మ వచ్చింది. నీలం డ్యూటీ చీర, చంకలో టిఫిన్ డబ్బా. రోజూ ఎలా వస్తుందో అలాగే వచ్చింది. నేను పలకరించకుండానే అడిగినాను, నాలుగో గడిలో ఏం వేసినావని.

"ఏమీ వెయ్యలేదు. పొద్దున్న నానే నీళ్ళు పోసినాను, ఇంకా కలవలేదు, ఇప్పుడు అంకె తియ్యకూడదు అని రాసినాను. మూడుసార్లు లాగితే మూడు అంకెలొచ్చినాయి, అవి కూడా రాసినాను."

"ఖాళీ వదలొద్దని ఎన్నిసార్లు చెప్పినానమ్మా?"

"సెప్పినావు. కానీ ఆ సెల్లు మంచిదే. నిన్న దాకా బాగా పనిచేసినాది. నాను పోసిన నీళ్ళకి దాన్ని సచ్చిపోనాదని ఎలగ రాస్తాను?"

రోడ్డుమీద టోటోలు, అదే బ్యాటరీ రిక్షాలు, వెళ్తున్నాయి, గిరిబాబు పక్కనే ఉన్నాడు, ఇద్దరు ముగ్గురు సెక్షన్ వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళందరి ముందూ అన్నాను.

"ఎనిమిదేళ్ళు నీళ్ళు మోసినావు, ఇంకో తొమ్మిదేళ్ళు మొయ్యి. నీకదే తగును."

అమ్మ స్కూటీ వెనక కూర్చుంది. దారిలో గోల్‌బజార్ దగ్గర, ఇంట్లో పచ్చిమిరపకాయలు లేవు ఆపమంది. ఆపినాను. కొనుక్కొచ్చి మళ్ళీ కూర్చుంది.

ఆ తరవాతి పది రోజులూ ఇంట్లో బకెట్టు మామూలు బకెట్టయిపోయింది. దాంట్లో నీళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. అమ్మ డ్యూటీకి వెళ్ళేది, వచ్చేది, వండేది. నాతో మాట్లాడేది గానీ కూర ఎలాగుంది, గ్యాస్ అయిపోయింది, అంతవరకే. ఫలితాలు రాలేదు. సెక్షన్లో తలో మాటా అంటున్నారని గిరిబాబు ఫోన్ చేసి చెప్పేవాడు. కొందరు అమ్మ పేరు కొట్టేసినారంటున్నారట, కొందరు పరీక్షే రద్దంటున్నారట. గిరిబాబుకి కోపం లేదు, భయం ఉంది. నాకు రెండూ ఉన్నాయి. నూటిరవై ప్రశ్నలు నేర్పిన గురువుని కదా, నా మాట వినకపోవడమేమిటని లోపల ఉడికిపోయినాను.

ఆదివారం పొద్దున్న అమ్మ డ్యూటీకెళ్ళిన తరవాత నాన్న నన్ను పిలిచినాడు. పెద్ద గాజు గ్లాసు తెమ్మన్నాడు. ఉప్పు, గరిట, ఒక కోడిగుడ్డు. మీ ఆవిడ రోగం నీకూ అంటుకుందా అన్నాను. ఆయన నవ్వలేదు. గ్లాసులో సగానికి నీళ్ళు పోసి, ఉప్పు కరిగినంత కలపమన్నాడు. కలిపినాను. దానిమీద మంచినీళ్ళు గరిట వంపు మీదుగా పొయ్యమన్నాడు, కింద నీళ్ళు చెదరకుండా, ఓపిగ్గా. కళ్ళు లేని మనిషి, గరిట మీంచి నీళ్ళు జారే చప్పుడు వింటూ, తొందరపడకు, ధార సన్నం చెయ్యి అని చెప్తూ పోయించినాడు. గ్లాసు నిండాక గుడ్డు వదలమన్నాడు.

వదిలినాను. గుడ్డు కిందకి వెళ్ళింది. సగంలో ఆగింది. కొంచెం ఊగి, అక్కడే నిలబడిపోయింది. కింద ఆనుకున్నదేమీ లేదు, పైన పట్టుకున్నదేమీ లేదు. ఫిజిక్స్ బీఎస్సీ చదివినదాన్ని, ఎందుకలా నిలబడిందో నాకు తెలుసు. తెలిసి కూడా నోరు తెరుచుకుని చూసినాను.

"ఎక్కడున్నాదే?" అన్నాడు నాన్న.

"మధ్యలో."

"అయితే ఇప్పుడు గొట్టం పెట్టి లాగు. ఆ గ్లాసుకి ఏ అంకె వస్తాది?"

పైన లాగితే ఒకటి, కింద లాగితే ఇంకోటి అన్నాను.

"మరి ఏది రాస్తావు?"

రాయడానికి అంకె లేదు. కలిపితే తప్ప ఆ గ్లాసుకి ఒక అంకె అంటూ పుట్టదు. అమ్మ కాగితంమీద వదిలిన గడి నాకు అప్పుడు అర్థమైంది. అది జవాబు రాక వదిలిన గడి కాదు.

నాన్న కుర్చీ చేతుల మీద వేళ్ళు ఆడిస్తూ మెల్లగా చెప్పినాడు.

"నానైతే పై అంకె రాసీసేవోణ్ణి. ఇరవయ్యేళ్ళలో ఎన్నిసార్లు రాసినానో లెక్కే నేదు. బండి కదిలిపోతాదని తొందర, సారు ఏటంటాడో అని బయ్యం. నీళ్ళు పోసిన వెంటనే లాగీసి, అంకె తక్కువొచ్చిందని ఎన్ని మంచి సెల్లులు పీకించీసినానో. అప్పుడు నాకు కళ్ళున్నాయి. మీ అమ్మకి ఆ పరీక్ష ఎంత కావాలో నీకు తెలుసు, నాకూ తెలుసు. సేతిలో కాగితం ఉంది, పక్కన ఆరుగురు రాసిన అంకె ఉంది. అయినా రాయనన్నాది సూడు. నాను ఆ సెక్షన్లో అలాంటి మనిషిని ఇంకొకర్ని సూడలేదు."

ఆయన గొంతు అలా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. అమ్మని ఆటపట్టించడం తప్ప మెచ్చుకోవడం తెలీని మనిషి. నేను గ్లాసు తీసి కడిగేద్దామని లేచినాను, ఉండనీ అన్నాడు. సాయంత్రం అమ్మ వచ్చేసరికి గుడ్డు ఇంకా మధ్యలోనే ఉంది. అమ్మ సంచీ దించి, గ్లాసు చూసి, వంగి పక్కనించి ఒకసారి, పైనించి ఒకసారి చూసింది. ఎవరు చేసినారని అడగలేదు. బాగా పోసినారు అని మాత్రం అంది.

అప్పుడే చెప్పెయ్యాల్సింది నేను. నోటిదాకా వచ్చింది. కానీ ఫలితం రాకుండా చెప్తే జాలిపడి చెప్పినట్టుంటుందేమో అని ఊరుకున్నాను. అలాగని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి పొగరు. నాన్నకి తెలిసింది, నాకు తెలిసింది, ఒప్పుకోడానికి మాత్రం నాలిక తిరగలేదు.

ఇంకో నాలుగు రోజులకి ఏడుగురినీ మళ్ళీ రమ్మన్నారు. ఈసారి నేను గేటు దగ్గరికి వెళ్ళలేదు, వెళ్ళే మొహం లేదు. జరిగింది గిరిబాబు ఫోన్లో చెప్పినాడు. సారు ఆ నాలుగో సెల్లుని ముందురోజు నించీ ఛార్జింగులో పెట్టించి, చల్లారనిచ్చి, అదే బల్లమీద పెట్టించినాడట. మొట్టమొదట అమ్మని పిలిచి గొట్టం చేతికిచ్చినాడట. అమ్మ పైన లాగింది, మధ్యలో లాగింది, లోపలికి దించి లాగింది. మూడుసార్లూ పన్నెండొందల పది. సారు తన చేత్తో తీసి చూసుకున్నాడు. తరవాత మిగతా ఆరుగురినీ పిలిచి తీయించినాడు. అందరికీ అదే. ఎవరి మార్కులూ పోలేదు. నీళ్ళు పోసినది పొరపాటే, కానీ దాచి ఉంటే తప్పయ్యేది అని అందరి ముందూ అన్నాడట. ఆ తరవాత మౌఖికం. స్పెసిఫిక్ గ్రావిటీ అంటే ఏమిటని మూడేళ్ళనాటి ప్రశ్నే అడిగినాడట. నేను నేర్పిన ద్రవ్యరాశీ ఘనపరిమాణం ఒక్కటీ అనలేదు అమ్మ. అంతే చోటు పట్టే నీళ్ళకన్నా ఇది ఎన్నింతలు బరువో అదే సాబ్ అని వచ్చీరాని హిందీలో చెప్పి, చేతులు కట్టుకుని నిలబడిందట. గిరిబాబు అది చెప్తూ, పిన్ని ఈసారి చేతులు నలపలేదే అన్నాడు.

జూన్ ఆఖరివారంలో లిస్టు అంటించినారు. వాన మొదలైంది ఆవేళ. గిరిబాబు లిస్టు ఫోటో తీసి పంపినాడు. మొదటి పేరు వాడిది కాదు, రెండోది వాడిది. మూడోది అప్పలనర్సమ్మ. నేను ట్యూషన్లో ఉన్నాను, పిల్లలు ఎదురుగా కూర్చుని లెక్క చేస్తున్నారు. ఫోన్ చూసుకుని అక్కడే ఏడ్చేసినాను. ఏమైంది దీదీ అని పిల్లలు కంగారుపడ్డారు. మా అమ్మ పాసైంది అన్నాను. వాళ్ళు నవ్వినారు, అమ్మలు పాసవడమేమిటని.

వానలోనే ఇంటికి వెళ్ళినాను. అమ్మకి అప్పటికే తెలుసు. సెక్షన్లో అందరికీ రసగుల్లాలు పంచి, మిగిలిన రెండూ నాన్నకి షుగరని దాచి, నాకోసం గిన్నెలో పెట్టింది. వంటింట్లో కూర్చుని చింతపండు పిసుకుతోంది. తడిసి ముద్దయి వచ్చినావు, ముందు తల తుడుచుకో అంది. నేను తుడుచుకోలేదు. ఆవిడ ముందు నేలమీద కూర్చున్నాను.

"అమ్మా, గేటు దగ్గర నేనన్న మాట తప్పు. అందరి ముందూ అన్నాను. నీకు తెలిసింది నాకు తెలీదు. నాకు తెలీదని కూడా తెలీదు."

అమ్మ చింతపండు పిసకడం ఆపలేదు. పిప్పి తీసి పక్కన పెట్టి, చేతులు విదిలించుకుంది. అప్పుడు నా మొహంలోకి చూసింది. కోపం లేదు, కానీ ఏమీ జరగనట్టు కూడా లేదు. తగిలింది ఆ మాట, బాగానే తగిలింది.

"నువ్వూ ఆవేళ నన్ను బేగి కొలిసీసినావు పిల్లా," అంది.

ఆ తడి చేత్తోనే నా తల ఒకసారి నిమిరి, రసగుల్లాల గిన్నె ముందుకి జరిపింది. నేను తినలేకపోయినాను. అమ్మ లేచి, దండెం మీది తువ్వాలు తీసుకుని, నా వెనక కూర్చుని తల తుడవడం మొదలుపెట్టింది.